వాసన లేని కిరాయిదారు

కమలాకుమారికి అసహ్యం పుట్టుకతో వచ్చిన విద్య. ఒకరు నేర్పింది కాదు. తెనాలి పక్క పల్లెలో గౌను తొడుక్కునే వయసులోనే, పెళ్లి పంక్తిలో పక్కాయన పెరుగన్నం జుర్రుతున్న చప్పుడుకి విస్తరి ముందునుంచి లేచిపోయిన పిల్ల. చేపల కంపు, చెమట కంపు, ఆరని తుండుగుడ్డ కంపు, పక్కింటి పోపులో మాడిన వెల్లుల్లి కంపు, ఏది ఎటునుంచి వస్తోందో ఆవిడ ముక్కు ఇట్టే పట్టేసేది. అలాంటి మనిషిని ఏరి కోరి తెచ్చి పటాన్‌చెరులో కాపరం పెట్టించాడు దేవుడు. ఆయనకి వేళాకోళం తెలియదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

భర్త రామలింగేశ్వరరావు ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఇన్‌స్పెక్టరు. పోతపోసిన ఇనుప భాగాల్లో పగుళ్లున్నాయేమో చూసి, ఉంటే వెనక్కి పంపడం ఆయన పని. మంచివాడే. కాకపోతే పగులు ఇనుములో కనిపిస్తే నోరు విప్పుతాడు, మనుషుల్లో కనిపిస్తే కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటాడు. వాళ్లు కాపరానికి వచ్చిన కొత్తలో, సాయంత్రం గాలి తిరిగేసరికి కుళ్లిన క్యాబేజీ, స్పిరిటూ కలిపినట్టు ఒక కంపు ఊరి మీదికి దిగేది. ఆవిడ కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చునేది. అలవాటైపోతుందిలే అనేవాళ్లు చుట్టుపక్కలవాళ్లు. వాళ్లకి అలవాటైంది కూడా. ఆవిడకి భర్త ఉద్యోగ విరమణ దాకా కాలేదు.

అందుకే చేతికొచ్చిన సొమ్మంతా పెట్టి ఇంద్రేశంలో స్థలం కొని ఇల్లు కట్టించింది. అప్పటికి అక్కడ లేఅవుట్లో సగం స్థలాలు ఖాళీ. పాత ఊరి నుంచి సంగమ్మ అనే ఆవిడ బర్రెల్ని తోలుకుంటూ ఇంటి ముందునుంచే పోయేది. పొద్దున్నే పాలు పోసేది కూడా ఆవిడే. బోరు నీళ్లు తియ్యగా ఉండేవి. గృహప్రవేశమైన సాయంత్రం కమలాకుమారి మెట్ల మీద కూర్చుని గుండెల నిండా గాలి పీల్చి, పేడ వాసన తప్ప మరేమీ లేదని తృప్తి పడింది. పేడని ఆవిడ కంపుల్లో కలపదు.

ఇల్లు రెండు వాటాలు. వెనక వాటాలో వీళ్లు. ముందు వాటా అద్దెకి. ఆ ముందు వాటా కోసం వచ్చినవాళ్లని ఆవిడ పరీక్షించిన తీరు చూస్తే కలెక్టరు ఉద్యోగానికి కూడా అంత వడపోత ఉండదనిపిస్తుంది. ఏం తింటారు, ఎన్నిసార్లు తింటారు, పిల్లలు గోడల మీద గీస్తారా, బంధువులు వచ్చి ఎన్నాళ్లుంటారు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు. ఒక బీహారు కుర్రాళ్ల జట్టుని గుట్కా నమిలే దవడలు చూసి గేటు బయటనుంచే పంపేసింది. ఒక బ్యాంకు గుమాస్తాని, వాళ్లావిడ ఎండుచేపల మాట ఎత్తగానే సాగనంపింది. ఇది ఈ ఒక్క ఇంటి సంగతి కాదు. ఆ వీధిలో టు-లెట్ బోర్డు పెట్టిన ప్రతి ఇంటి ముందూ ఇదే తంతు. గది ఇచ్చేవాళ్లు దేవుళ్లు, అడిగేవాళ్లు పాపులు.

ఆ వచ్చినవాళ్లలో అనమ్ అనే అమ్మాయి ఉంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో పని. తల వెంట్రుక కూడా రాలకుండా టోపీ, చేతికి తొడుగులు, అలాంటి గదిలో సెలైన్ గొట్టాలు చేస్తుందట. భర్త రాహిల్ అక్కడే ఎలక్ట్రీషియన్. అమ్మాయి చెప్పులు గేటు దగ్గరే విడిచి, కాళ్లు కడుక్కుంటానని తనే అడిగి లోపలికొచ్చింది. కమలాకుమారి ఎంత ఎగపీల్చినా సబ్బు వాసన తప్ప ఏమీ తగల్లేదు. గది చూపించింది, వంటగట్టు చూపించింది, కుళాయి తిప్పి నీళ్లు కూడా చూపించింది. అప్పుడు పేరు అడిగింది. ముక్కుకి ఏమీ తగలనప్పుడు కొందరు చెవులతో వాసన చూస్తారు. చూసి, చుట్టాలు వస్తున్నారమ్మా, గది వాళ్లకే కావాలి అనేసింది. అనమ్ తల ఊపి, చెప్పులు తొడుక్కుని వెళ్లి, ఎదురుగా ఉన్న యాదన్న ఇంటి మేడ మీద వాటాలో దిగింది. ఇక రోజూ ఒకరికొకరు కనిపించాల్సిందే.

సరిగ్గా అప్పుడే మహేంద్ర వచ్చాడు. కమలాకుమారి అన్నగారి కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. సంగారెడ్డిలో కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకుని, కంపెనీలకి రిజిస్ట్రేషన్లు చేయించి పెడుతుంటాడు. పక్క రాష్ట్రంలో పర్ణసుధ కెమ్‌ట్రేడ్ అని ఒక కంపెనీ ఉందనీ, దానికి ఇక్కడ వ్యాపారం చేసుకునే అనుమతి కావాలనీ చెప్పాడు.

“అది పుట్టింది అక్కడత్తా. ఇక్కడ యాపారం చెయ్యాలంటే ఇక్కడొక అడ్రసుండాలె, గోడకు బోర్డుండాలె, అడిగితే జవాబు చెప్పే మనిషుండాలె. గంతే. మనుషులెవ్వరు రారు, ఉండరు.”

కమలాకుమారి పరీక్ష మొదలుపెట్టింది. వంట చేస్తారా? చేయరు. నీళ్లు వాడతారా? వాడరు. పిల్లలు? కంపెనీకి పిల్లలేమిటత్తా అని నవ్వాడు. ఏం తింటుంది? ఏమీ తినదు. చెడ్డీలు, బనియన్లు దండెం మీద ఆరేసే ప్రసక్తే లేదు. అద్దె మాత్రం ఒకటో తారీఖుకి బ్యాంకులో పడుతుంది. ఇన్నేళ్లుగా ఆవిడ కలలుగన్న కిరాయిదారు ఇదే. ఆ కంపెనీ చేసే వ్యాపారం ఏమిటని మాత్రం ఆవిడ అడగలేదు. అడిగింది రావుగారు. ఫ్యాక్టరీల్లో వాడేసిన సాల్వెంట్లు, అంటే రసాయన ద్రావకాలు, కొని శుద్ధి చేసి అమ్ముతారని మహేంద్ర చెప్పాడు. ఎక్కడ శుద్ధి చేస్తారని ఆయన మళ్లీ అడగబోయి, వాడు అప్పటికే ఇంకో మాటలోకి వెళ్లిపోయాడని ఊరుకున్నాడు. ఇంటి యజమానురాలిగా ఆవిడ సమ్మతి పత్రం మీద సంతకం చేసింది. కరెంటు బిల్లు నకలు ఇచ్చింది.

అడ్రసు నిజంగా ఉందా లేదా అని చూడటానికి అధికారి వచ్చే రోజున మహేంద్ర పొద్దున్నే ఆటో ట్రాలీలో ఆఫీసుని తెచ్చాడు. బల్ల, తిరిగే కుర్చీ, తీగ లేని కంప్యూటరు, గోడకి తగిలించే క్యాలెండరు. అదే సామాను ఆ వారం ఇంకెన్ని కంపెనీలకి ఆఫీసైందో వాడికే తెలియాలి. ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసిన నీలం బోర్డు గుమ్మం పక్కన బిగించారు. కమలాకుమారి ఊరుకుంటుందా? గడపకి పసుపు రాసింది, మామిడాకులు కట్టింది, బోర్డుకి గంధం, కుంకుమ పెట్టి హారతిచ్చి కొబ్బరికాయ కొట్టింది. ఆ చిప్పలు వీధంతా పంచుతూ, మా కంపెనీ, ఈ రోజే ప్రారంభం అని చెప్పుకొచ్చింది. యాదన్న ఇంటికి పంపినప్పుడు మేడ మీదికి కూడా ఒక ముక్క వెళ్లింది. సంగమ్మ రెండు ముక్కలు అడిగి తీసుకుంది, బర్రెలకి మంచి జరగాలని.

మరి మనిషి ఉండాలి కదా. మహేంద్ర మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టాడు. రావుగారు ముందు వద్దన్నాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. రిటైరైన మగవాడికి బల్ల వెనక కుర్చీ చూపిస్తే ఏం జరుగుతుందో కమలాకుమారి ఆ రోజు కళ్లారా చూసింది. ఆయన నడుం నిటారుగా అయింది. అధికారి వచ్చి ఈయన ఎవరని అడిగితే, రాష్ట్రంలో వ్యవహారాలన్నీ ఈయనే చూస్తరు సార్, మేనేజరు అన్నాడు మహేంద్ర. రావుగారు అవునని అనలేదు, కాదనీ అనలేదు. బోర్డు కింద ఆయన్ని నిలబెట్టి అధికారి తన ఫోనులో ఫోటో తీసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా బల్ల, కుర్చీ మళ్లీ ట్రాలీ ఎక్కాయి. బోర్డు మాత్రం మిగిలింది. వారం తిరక్కుండా అనుమతి వచ్చేసింది.

ఆ తర్వాత కమలాకుమారి సుఖం చెప్పనలవి కాదు. ఖాళీ గదిని రోజూ ఊడ్చి, ఫినాయిల్‌తో తుడిచి, తాళం వేసేది. సాయంత్రం అరుగుల మీద ఆడవాళ్లు కిరాయిదార్ల గురించి తిట్టుకుంటుంటే, మా కంపెనీ అయితే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదమ్మా అనేది. పాలు పోయించుకుంటూ సంగమ్మతో కూడా అదే మాట. మనుషులకన్నా కంపెనీలే నయం అని ఒకసారి అనమ్ వినేలా కూడా అంది. ఎందుకు అన్నదంటే, అనాలనిపించింది, అంతే.

వానలు వెనకబట్టిన రోజుల్లో కంపు వచ్చింది. మొదటిరోజు ఆవిడ అది పాత జ్ఞాపకం అనుకుంది. కుళ్లిన క్యాబేజీ, స్పిరిటు. లేచి కిటికీలన్నీ మూసింది. మర్నాడు బోరు నీళ్లు బిందెలో పట్టి చూస్తే పైన నూనె తెట్టు రంగురంగులుగా తిరుగుతోంది. ఆ నీళ్లతో స్నానం చేసిన రావుగారి వీపంతా దద్దుర్లు. వీధి చివర నాలాలో నురగ నడుమెత్తు లేచి, గాలికి ముక్కలు ముక్కలుగా తెగి మల్లెతీగ మీద వాలింది. కమలాకుమారి వాంతి చేసుకుంది. ఎవరో ఏ దరిద్రులో చేసిన పని, వాళ్ల చేతులు పడిపోను అని తిట్టింది. నోరారా తిట్టింది.

సంగమ్మ పాలు తేవడం మానేసింది. నాలా పక్కన మేసిన బర్రెలకి పొదుగుల మీద తోలు ఊడిపోయిందట. ఒకటి ఈనకుండానే దూడని పోగొట్టుకుంది. అన్నిటిలోకీ ఎక్కువ పాలిచ్చేది నాలా గట్టు మీదే కూలబడి, నోటినుంచి నురగలు కక్కి చచ్చింది. ఆ మర్నాటి నుంచి పాత ఊరి మగవాళ్లు నాలా దగ్గర కాపు కాశారు. తెల్లారగట్ల ఒక ట్యాంకర్ వచ్చి గొట్టం దింపింది. అందరూ మీద పడేసరికి డ్రైవరు పొదల్లోకి ఉరికి పారిపోయాడు. బండి మిగిలింది. దాని తలుపు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. పాడు పనికి పోతూ పేరు రాసుకుని పోతారా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ బండే పగలు ఫ్యాక్టరీ గేట్లలోంచి దర్జాగా వెళ్లి సరుకు నింపుకోవాలి కదా. ఇది రాష్ట్రంలో రిజిస్టరైన కంపెనీ, ఇదిగో అడ్రసు, ఇడుగో మేనేజరు అని చూపిస్తేనే ఆ ఫ్యాక్టరీలవాళ్లు తమ చెత్తని దానికి అప్పగించి చేతులు దులుపుకునేది.

సంగమ్మకి చదువు రాదు. ఆకు బొమ్మ చదవడానికి చదువు అక్కర్లేదు. రోజూ పాలు పోస్తూ చూసిన బొమ్మే. ఆవిడ అక్కడినుంచి తిన్నగా కమలాకుమారి గేటు దగ్గరికి నడిచొచ్చింది. వెనక పదిమంది వచ్చారు. ఎవరూ కేకలు వేయలేదు. అలా వేయకపోవడమే కమలాకుమారికి భయం పుట్టించింది. మాకేం సంబంధం లేదు సంగమ్మా, మేం గది అద్దెకిచ్చాం, అంతే, ఆ కంపెనీవాళ్ల మొహం కూడా మేం ఎరగం అంది.

“మా కంపెనీ అంటివి గదమ్మా,” అంది సంగమ్మ. “నా చేతుల కొబ్బరి పెట్టి చెప్తివి. పెద్దసారు బోర్డు కింద నిలబడి ఫోటువ దిగంగ నేను సూడలేదా? ఇప్పుడు మొహమెరగనంటే ఎట్ల?”

మధ్యాహ్నం పొల్యూషన్ ఆఫీసు నుంచి సారొస్తడంట, అప్పుడు మాట్లాడుదమని చెప్పి వాళ్లు గేటు బయటే కూర్చున్నారు. కమలాకుమారి లోపలికొచ్చి మహేంద్రకి ఫోను చేసింది. వాడు తొణకలేదు, బెణకలేదు. బోర్డు పీకి అటకమీద పడేయమన్నాడు. కంపెనీ ఎప్పుడో ఖాళీ చేసిందని చెప్పమన్నాడు. మావయ్యని నోరు మెదపొద్దన్నాడు. పైగా ఆ గదిలో అర్జెంటుగా ఎవరినైనా దింపమన్నాడు. “ఫ్యామిలీ ఉందని చూపెట్టాలత్తా. ఆర్నెల్ల సంది వాళ్లే ఉంటున్నరని చెప్పించు. ఎవరైనా సరే.”

ఎవరైనా సరే. ఆ మాట పట్టుకుని, ఇన్నాళ్లూ ఎవరూ సరిపోని ఆ గది తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, కమలాకుమారి పెరటి దారినుంచి చుట్టుతిరిగి ఎదురింటి మేడ ఎక్కింది. అనమ్ రాత్రి డ్యూటీ చేసొచ్చి కూర తరుగుతోంది. కూర్చోమంది. క్యాన్‌లోంచి కొనుక్కున్న నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చింది. కమలాకుమారి తాగి, అసలు సంగతి చెప్పింది. అద్దె అక్కర్లేదంది. ఎన్నాళ్లయినా ఉండమంది. అడిగితే మాత్రం మొదటినుంచీ అక్కడే ఉంటున్నామని చెప్పాలంది. చెబుతుంటే తన గొంతు తనకే జిడ్డుగా వినిపించింది.

అనమ్ కత్తి పక్కన పెట్టింది. “నీళ్లు పాడై మా ఇంట్ల గూడ అందరం పరేషానే ఆంటీ. రాహిల్ చేతులు సూసిన్రా, ఎట్ల పగిలినయో. మీ గది నాకిస్తె అప్పుడు సంతోషంగ వస్తుంటి. ఇప్పుడు ఆ గదిల మేమున్నమని అంటె, ఆ కంపెనీ లేనట్టైతది. మరి బర్రెల్ని ఎవరు సంపినట్టు?”

తిట్టినా బాగుండేది. కమలాకుమారి మెట్లు దిగుతూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలా కంపుకి కాదు. జీవితమంతా పక్కవాళ్ల చేపల్లో, చెమటల్లో వెతికిన కంపు ఇప్పుడు తన కొంగులోంచే వస్తోంది. కడుక్కుందామంటే నీళ్లు కూడా లేవు. బోర్డు ఆవిడ పీకలేదు.

మధ్యాహ్నం ఆ పొల్యూషన్ అధికారి వచ్చాడు. నడివయసు మనిషి, అలిసిపోయి ఉన్నాడు. నాలాలో నీళ్లు సీసాల్లో పట్టించుకుని, గేటు దగ్గరికొచ్చి, బోర్డు చూసి, గది తాళం తీయించి లోపలికి తొంగి చూశాడు. తుడిచి తుడిచి మెరుస్తున్న నేల, నాలుగు గోడలు. కంపెనీ తరఫున నోటీసు తీసుకునే మనిషెవరని అడిగాడు. ఎవరూ పలకలేదు. లేకపోతే లేరనే రాసుకుంటానన్నాడు. ఈ అడ్రసులో కార్యకలాపాలేవీ లేవు, మనుషులు లేరు. ఆ రాష్ట్రంలో ఉన్న అడ్రసుకి ఉత్తరం వెళుతుంది. అక్కడా ఇలాంటి ముందు గదే ఉంటుందేమో, చెప్పలేం. ఇలాంటివి చాలా చూశానన్నట్టు పెన్ను తీశాడు. అతని మాటల్లో కోపం లేదు, వంచన కూడా లేదు. ఉన్నదున్నట్టే రాయబోతున్నాడు. ఆ ఉన్నదే కంపెనీకి కావలసింది.

సంగమ్మ ముందుకొచ్చింది. “అంటే ఎవ్వలు లేనట్టా సారూ? ఎవ్వలు లేకుంటె నా బర్రె ఎట్ల సచ్చె?”

అధికారి రావుగారి వైపు తిరిగాడు. మీరు ఇంటాయనా, కంపెనీ మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. వీధంతా ఆయన మొహం వైపే చూస్తోంది. ఒక్క మాటతో గండం గడిచిపోతుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు. రావుగారు గొంతు సవరించుకుని నోరు తెరిచాడు.

“ఉన్నారు,” అంది కమలాకుమారి. “ఈయనే మేనేజరు. అప్పుడు అడ్రసు చూడటానికొచ్చిన అధికారి దగ్గర ఫోటో ఉంటుంది, వెతకండి. గడప నేనిచ్చాను, నా సంతకమే. ఈ బోర్డు తెచ్చి పెట్టినవాడు నా మేనల్లుడు మహేంద్ర, వాడి నంబరు చెబుతాను రాసుకోండి. ఆ కంపెనీవాళ్లు ఎవరో, ఎక్కడుంటారో వాడికి తెలుసు.”

అధికారి పెన్ను ఆపి, నోటీసు తీసుకుంటే కేసు మీ మీదికే వస్తుందమ్మా, ఆలోచించుకోండి, ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగాలి అన్నాడు. తెలిసే చెబుతున్నానంది. రావుగారి చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించినంత పని చేసింది. తనూ పెట్టింది. మహేంద్ర నంబరు చెబుతున్నప్పుడు మాత్రం ఒక అంకె తప్పు చెప్పి, మళ్లీ మొదటినుంచి చెప్పింది. వాడిని చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన మనిషి. సంగమ్మ థాంక్స్ చెప్పలేదు, దీవించలేదు. అంకె అంకె వినేదాకా నిలబడి, బర్రె శవం ఎత్తించాలని గుంపుతో వెళ్లిపోయింది. మేడ మీద అనమ్ పిట్టగోడ దగ్గరనుంచి చూసి లోపలికి పోయింది.

అందరూ వెళ్లాక భార్యాభర్తలిద్దరూ ఖాళీ గదిలో నిలబడ్డారు. రావుగారి మొహం పాలిపోయింది. పరువు పోయిందనీ, మర్నాటి నుంచి వీధిలో తలెత్తుకోలేననీ, మీ అన్నయ్య ఇక మన గడప తొక్కడనీ అన్నాడు. ఆవిడ అన్నిటికీ అవునంది. ఆ తర్వాత ఆయన, నేనే చెప్పేవాణ్ణి కమలా, నువ్వు తొందరపడ్డావు అన్నాడు.

“చెప్పేవారు కాదండీ. ఎవరూ లేరనే అనబోయారు.”

“నీకెలా తెలుసు?”

“ఆ మాటే నా నోట్లోనూ ఉంది.”

రామలింగేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.